ఆ పిల్లని అడిగారా?

ఆ అమ్మాయి ఫొటో నా దగ్గర చాలా ఏళ్లుగా ఉంది. కాళ్లు మడుచుకుని కూర్చుని, తల కాస్త ముందుకి వాల్చి, చేతులు ఒళ్లో వదిలేసి నిద్రపోతున్నట్టుంటుంది. సన్నసన్నగా అల్లిన జడలు బోలెడు. వయసు పదమూడు, పదిహేను మధ్య. చనిపోయి ఐదొందల ఏళ్లయింది. 1999 మార్చిలో అర్జెంటీనా, చిలీ సరిహద్దులోని యుయైయాకో అనే అగ్నిపర్వతం కొసన, 6,739 మీటర్ల ఎత్తున, యోహాన్ రైన్‌హార్డ్, కొన్‌స్తాన్సా సెరూతి నాయకత్వంలో వెళ్లిన పరిశోధకులకి దొరికింది. పక్కనే ఇంకా చిన్నవాళ్లు, ఒక పాప, ఒక బాబు. ఇన్కా సామ్రాజ్యం కొండ దేవతలకి అర్పించిన పిల్లలు వీళ్లు. ఆ క్రతువుని ‘కపకోచా’ అంటారు. చలికీ, పొడిగాలికీ శరీరాలు చెడలేదు. ఆ అమ్మాయి పెదవి మీద కోకా ఆకు తునకలు ఇంకా అలాగే ఉన్నాయి.

ఎం.ఏ. క్లాసులో ‘రాతలేని వాళ్ల చరిత్రని చదవడం’ అనే పాఠం చెప్పేటప్పుడు ఈ ఫొటో తెర మీద వేసేదాన్ని. పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయేవాళ్లు. ఆ నిశ్శబ్దం నాకు ఇష్టంగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి. ఒక ఏడాది వెనక బెంచీలో కూర్చున్న అమ్మాయి మొహం పక్కకి తిప్పుకుంది. కాసేపాగి, “మేడమ్, ఆ పిల్లని అడిగారా?” అంది.

కొండ మీదకి తీసుకెళ్లే ముందు అడిగారా అనా, ఇలా తెర మీద వేసే ముందు అడిగారా అనా? నాకు అర్థం కాలేదు. ఆ అమ్మాయినే అడిగాను. “రెండూ” అంది. అప్పుడు తోచిందేదో చెప్పి క్లాసు ముగించాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ముందు ఆ అమ్మాయి గురించి మనకి ఏం తెలుసో చూద్దాం. ఆమె పేరు తెలీదు. పురావస్తు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ‘లా డొన్సెల్లా’, అంటే కన్య. మిగిలిన పాపకి, చనిపోయాక శరీరం మీద పిడుగు పడింది కాబట్టి, ‘పిడుగు పాప’ అని పేరు. బాబు ఊరికే ‘బాబు’. ఐదొందల ఏళ్ల తర్వాత కూడా ఒక ఆడపిల్లని గుర్తుపట్టడానికి కన్యాత్వమే ఆనవాలు కావడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు.

పేరు తెలీకపోయినా ఆమె చివరి రెండేళ్లు మాత్రం నెలనెలా తెలుసు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ నెల తిన్నదీ తాగిందీ ఆ సెంటీమీటరులో ముద్రపడి ఉంటుంది. ఆండ్రూ విల్సన్, ఆయన సహచరులు 2007లోనూ 2013లోనూ ప్రచురించిన పరిశోధనలు ఈ పిల్లల జుట్టుని అలా చదివినవే. చావుకి దాదాపు ఏడాది ముందు ఆమె తిండి మారిపోయింది. అంతకు ముందు దుంపలూ కూరలూ తినే మామూలు ఇంటి పిల్ల తిండి. ఆ తర్వాత పెద్దవాళ్ల ఇళ్లలో తినే మొక్కజొన్న, మాంసం. కోకా వాడకం కూడా అప్పుడే ఒక్కసారిగా పెరిగింది. చివరి వారాల్లో మద్యం బాగా ఎక్కువైంది. చిన్న పిల్లలిద్దరి కంటే ఈమెకే కోకా, మద్యం రెండూ చాలా ఎక్కువగా అందాయి. 2012లో వచ్చిన ఇంకో పరిశోధన ప్రకారం చనిపోయేనాటికి ఆమె ఊపిరితిత్తుల్లో జబ్బు ఉంది. దగ్గుతూనే ఆ కొండ ఎక్కి ఉంటుంది.

ఈ పరిశోధనలు మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ‘ఒక స్త్రీ తన శరీరంతో రాసుకున్న దినచర్య’ అని నోట్సులో రాసుకున్నాను. మన సాహిత్య విమర్శకులకి ఇలాంటి వాక్యాలు ఎంత తేలిగ్గా వచ్చేస్తాయో! ఆమె ఏమీ రాసుకోలేదు. ఎవరో తినిపించారు, తాగించారు, నమిలించారు. అది ఆమె రాత కాదు, ఆమె మీద ఇంకొకరు రాసిన రాత. స్త్రీ శరీరాన్ని పాఠంగా చదవడం అనే పద్ధతిని పీహెచ్‌డీలో ఎంతో మోజుగా వాడిన నాకు ఈ తేడా తట్టడానికి ఇన్నేళ్లు పట్టింది.

ఎవరా తినిపించినవాళ్లు? ఈమె ‘అక్లా’ అయి ఉంటుందని పరిశోధకుల అంచనా. అక్లా అంటే ఎంపికైన ఆడపిల్ల. రాజ్యం తరఫున అధికారి ఊళ్ల మీదకి వచ్చి, పదేళ్ల ప్రాయంలో ఉన్న అందమైన పిల్లల్ని ఏరి తీసుకెళ్లేవాడు. వాళ్లని ఉంచే ఇల్లు ‘అక్లావాసి’. అక్కడ మామాకోనాలనే పెద్ద స్త్రీలు వాళ్లకి నూలు వడకడం, సన్నని వస్త్రాలు నేయడం, మొక్కజొన్నతో చిచా అనే కల్లు కాయడం నేర్పేవాళ్లు. ఇవి ఇంటిపనులే కదా అనుకుంటే పొరపాటు. డబ్బు వాడకంలో లేని ఆ సామ్రాజ్యంలో సైన్యాన్నీ సామంతుల్నీ కట్టి ఉంచింది ఆ బట్టా, ఆ కల్లే. రాజు చేతి మీదుగా అందిన వస్త్రం కంటే పెద్ద మర్యాద లేదు. ఆ వస్త్రం నేసిన చేతులు ఇవి. పెద్దయ్యాక కొందరు మామాకోనాలుగా ఉండిపోయేవాళ్లు, కొందరిని రాజు తనకి నచ్చిన మగవాళ్లకి బహుమతిగా ఇచ్చేవాడు, కొందరు కపకోచాకి వెళ్లేవాళ్లు. నేసిన బట్టలాగే నేసిన మనిషి కూడా చేతులు మారేది. 1615 నాటికి తన పెద్ద గ్రంథాన్ని ముగించిన ఆండియన్ రచయిత గువామాన్ పోమా అందులో దాదాపు నాలుగొందల బొమ్మలు గీశాడు. ఒక బొమ్మలో అక్లాలు వరుసగా నిలబడి నూలు వడుకుతుంటారు. ఒక్కరూ తల ఎత్తరని నా జ్ఞాపకం. ఆ పుస్తకం ముందుంటే ఇప్పుడు ఇంకోసారి చూసేదాన్ని.

ఇక అడగడం సంగతి. కపకోచాకి వెళ్లిన పిల్లల్లో ఒకే ఒక్కరి మాట మన దాకా వచ్చింది. ఆమె పేరు తాంతా కార్వా. పెరూ కొండల్లో ఓక్రోస్ అనే ఊరు. తండ్రి కాకె పోమా. అతను ఊరికి నీటి కాలువ తవ్వించి, పదేళ్ల కూతుర్ని సూర్యుడికి అర్పిస్తానని ఇన్కా దగ్గర అనుమతి తెచ్చుకున్నాడు. పిల్ల కుజ్కో వెళ్లింది. రాజు ఎదుట నిలబడింది. ఆమెకి అక్కడ పెద్ద ఉత్సవాలు చేశారు. తిరిగి తన ప్రాంతానికి తీసుకొచ్చి, కొండ మీద గోతిలోకి దించి, సజీవంగా పైన మూసేశారు. తండ్రికి ఆ ప్రాంతపు నాయకత్వం దక్కింది. ఆ పదవి అతని తర్వాత వంశానికి కూడా వచ్చింది. లోపలికి దించే ముందు ఆ పిల్ల, కుజ్కోలో తనకి జరిగిన సంబరాలే చాలునని, ఇక తనని ముగించేయవచ్చని అన్నదట.

ఈ ఒక్క మాట దగ్గర నేను ఎన్ని రోజులు ఆగిపోయానో చెప్పలేను. గర్వంగా అన్నదా? ఆ సంబరాల్లో అలిసిపోయి, త్వరగా కానివ్వండిరా అని విసుగ్గా అన్నదా? భయపడుతున్న పెద్దవాళ్లకి పిల్లే ధైర్యం చెప్పిందా? పదేళ్ల పిల్లలు అలా చెప్తారు, ఇళ్లలో చూస్తూనే ఉంటాం. అసలు అన్నదా? ఈ మాట రాసిపెట్టినవాడు ఎర్నాందెస్ ప్రిన్సిపె అనే క్రైస్తవ ఫాదిరీ. 1620ల మొదట్లో, ‘విగ్రహారాధన’ని వేళ్లతో పెకలించడానికి ఊరూరా తిరుగుతూ ఓక్రోస్ వచ్చాడు. ఊరి ముసలివాళ్లు తమ పెద్దలు చెప్పిన కథని అతనికి చెప్పారు. అతను ఆ సమాధిని తవ్వించి, అందులోని వెండి సామాన్లతో సహా నమోదు చేశాడు. అంటే ఆ పిల్ల ‘సరే’ అనడం మనకి చేరడానికి, దాని వల్ల పదవి పొందిన వంశం నోటి మీదుగా, దాన్ని సైతాను పని అనుకునే మనిషి కలం మీదుగా రావాల్సొచ్చింది. మధ్యలో ఆమె ఎక్కడా లేదు.

ఇంకో సంగతి ఉంది. తాంతా కార్వా ఆ తర్వాత దేవత అయింది. జబ్బులొస్తే, కష్టాలొస్తే ఊరివాళ్లు ఆమెని అడిగేవాళ్లు. పూజారులు గొంతు సన్నగా, ఆడగొంతు చేసుకుని ఆమె తరఫున సమాధానాలు చెప్పేవాళ్లట! ఐరీన్ సిల్వర్‌బ్లాట్ 1987 నాటి తన పుస్తకంలో ఈ కథ చెప్పినప్పుడు, సామ్రాజ్యం చిన్న ఊళ్ల మగపెద్దల్ని తనలో కలుపుకోవడానికి ఆడపిల్లల్ని ఎలా వాడుకుందో విప్పి చూపించింది. ఆ విశ్లేషణ నేను ఒప్పుకుంటాను. కానీ నన్ను వెంటాడేది ఆ సన్నగొంతు. చంపాక కూడా ఆమెతో మాట్లాడించారు. బతికుండగా ఆమెని అడగాల్సిన ప్రశ్న ఒక్కటీ అడగలేదు, చచ్చాక మాత్రం ప్రశ్నలే ప్రశ్నలు.

మా అమ్మమ్మ ఊళ్లో చెరువు గట్టు మీద పేరంటాలమ్మ గుడి ఉండేది. మొగుడితో పాటు మంటల్లోకి వెళ్లిన ఆడమనిషిని పేరంటాలంటారని నాకు పెద్దయ్యాక తెలిసింది. చిన్నప్పుడు తెలిసిందల్లా ఏడాదికోసారి పసుపు, కుంకుమ, చీర పెట్టడం. “ఆమె పేరేంటమ్మమ్మా?” అని అడిగితే “పేరంటాలమ్మేనే” అనేది. “అంతకు ముందు?” అంటే అమ్మమ్మ దగ్గర జవాబు లేదు. ఊళ్లో ఎవరికీ తెలీదు. ఏ ఇంటి కోడలో మాత్రం అందరికీ తెలుసు! ఆండీస్ కొండల్నీ మా చెరువు గట్టునీ ఒకటి చేయాలని కాదు ఈ మాట చెప్పడం. రెండింటికీ మధ్య ఏ చుట్టరికమూ లేదు. నేను ఆ కన్య ఫొటో ముందు ఎందుకు ఆగిపోయానో నాకు నేను చెప్పుకోవడానికే చెప్తున్నాను.

ఇక్కడ ఒక పెద్ద అభ్యంతరం వస్తుంది. నా సహోద్యోగి ఒకామె, నేను గౌరవించే మనిషి, ఈ వ్యాసం చిత్తుప్రతి చదివి, “వాళ్ల లోకంలో అది చావు కాదు కదా, పూర్వీకుల దగ్గరికి వెళ్లి ఊరిని కాపాడటం. నీ ఇరవయ్యొకటో శతాబ్దపు సమ్మతిని పట్టుకెళ్లి అక్కడ కొలుస్తావేం?” అంది. తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. ఎందుకంటే కొలిచినవాళ్లు ఇదివరకు ఉన్నారు, ఆ కొలతకి ఏం మూల్యం కట్టించారో మనకి తెలుసు. నరబలులిచ్చే జాతులని చెప్పే స్పెయిన్ తన దండయాత్రకి న్యాయం వెతుక్కుంది. 1532లో ఇన్కా రాజు అతావాల్పాని పట్టుకుని, బంగారం విమోచనంగా గుంజి, మరుసటి ఏడాది గొంతు బిగించి చంపారు. అక్లాలని పంచుకున్నారు. ఇన్కాల ‘మిత’ అనే శ్రమపన్నుని తీసుకెళ్లి 1570ల నుంచి పొతోసి వెండి గనుల్లో మనుషుల్ని నమిలేయడానికి వాడారు. కుజ్కోలో అక్లావాసి గోడల మీదే సాంతా కాతలీనా కన్యాస్త్రీల మఠం కట్టారు. గోడ మారలేదు, లోపల ఆడపిల్లలుండాలన్న నియమం మారలేదు, దేవుడు మారాడు.

కాబట్టే గార్సిలాసో దె లా వేగా అబద్ధం చెప్పాడంటే నాకు కోపం రాదు. తల్లి ఇన్కా రాచబిడ్డ చింపు ఓక్లో, తండ్రి స్పానిష్ కెప్టెన్. తండ్రి ఆమెని పెళ్లాడకుండా, తర్వాత స్పానిష్ ఆమెని పెళ్లిచేసుకున్నాడు. 1609లో అచ్చయిన తన చరిత్రలో ఆయన ఇన్కాలు నరబలులిచ్చేవాళ్లే కాదన్నాడు. తల్లి వైపు మనుషుల్ని తండ్రి లోకం ముందు నిలబెట్టి కాపాడుకుంటున్న కొడుకు అంతకంటే ఏం రాస్తాడు? మన దగ్గర సతి మీద జరిగిన వాదనల్లో కూడా ఇదే చూశాం. ఆ వాదనల్లో స్త్రీ విషయమే కాదు, పాలకులూ సంస్కర్తలూ ఛాందసులూ నిలబడి పోట్లాడుకున్న నేల మాత్రమే అని లతా మణి 1998లో చూపించింది. తాంతా కార్వా కూడా అలాంటి నేలే. ఒకడికి ఆమె అనాగరికతకి రుజువు, ఒకడికి అసలు జరగనిది, ఇంకొకడికి పదవి.

అయితే నా సహోద్యోగి మాట దగ్గర నేను ఆగిపోలేను. ‘వాళ్ల లోకం’ అన్నప్పుడు ఆ లోకంలో ఎవరి లోకం? కూతుర్ని ఇచ్చి పదవి తెచ్చుకున్న కాకె పోమా లోకమా, పదేళ్ల పిల్ల లోకమా? పిల్లల్ని అప్పగించే తల్లిదండ్రులు దుఃఖం కనబడనివ్వకుండా సంతోషంగానే ఇవ్వాల్సి ఉండేదని బెర్నాబె కోబో 1653లో రాశాడు. కోబో కూడా ఫాదిరీయే, అతని మాట జాగ్రత్తగా తీసుకోవాలి. అయినా ఏడవకూడదన్న నియమం ఏడుపు వచ్చే చోటే కదా పుడుతుంది!

మళ్లీ ఆ జుట్టు దగ్గరికి వస్తాను. కోకా, చిచా రెండూ ఆండీస్‌లో పవిత్రమైనవి. కాబట్టి చివరి నెలల్లో అవి పెరగడాన్ని బట్టి ఆమెని మత్తులో ముంచి లాక్కెళ్లారని తీర్పు చెప్పలేం. క్రతువులో భాగంగానే తాగి ఉండొచ్చు, భయం పోగొట్టుకోవడానికి తానే అడిగి తాగి ఉండొచ్చు. అక్లావాసిలో ఆ కల్లుని తన చేతులతోనే కాచి కూడా ఉండొచ్చు. ఆమె మనసులో ఏముందో జుట్టు చెప్పదు. అయితే ఆమె చుట్టూ ఉన్నవాళ్ల మనసులో ఏముందో కొంత చెప్తుంది. చిన్న పిల్లలకి అవసరం లేనంతగా ఈ పెద్దపిల్లకి అందించారు. పదమూడేళ్లు దాటిన పిల్లకి తనకేం జరగబోతోందో తెలుస్తుందని వాళ్లకి తెలుసు. వద్దనగల మనిషి అని తెలిసినప్పుడే ఎవరైనా అంత జాగ్రత్త పడతారు. మనం ఈనాటి సమ్మతిని అక్కడికి మోసుకెళ్లనక్కర్లేదు. వద్దనడం అనేది అక్కడే ఉంది, అందరికంటే బాగా ఆ క్రతువు నడిపినవాళ్లకే తెలుసు. అందుకే ఇన్కా రాజ్యం ఆ పిల్లకి చేసింది అన్యాయం అని నేను ఏ సందేహమూ లేకుండా రాస్తాను. ఆ మాట అనే హక్కు స్పెయిన్‌కి లేదని కూడా అంతే గట్టిగా రాస్తాను.

స్త్రీవాదులుగా మనకి ఇంకో ప్రలోభం ఉంది. మహారాణుల్ని వెతుక్కోవడం. పెరూ ఉత్తర తీరంలో, ఇన్కాలకి వెయ్యేళ్ల పైచిలుకు ముందు మోచె నాగరికత ఉండేది. అక్కడ ఎల్ బ్రూహో అనే చోట 2005-06లో ‘కావ్ దొరసాని’ సమాధి బయటపడింది. ఇరవైల్లోనే చనిపోయిన స్త్రీ. చేతుల మీద పాములూ సాలెపురుగుల పచ్చబొట్లు. పక్కన పెద్ద యుద్ధగదలు, ఈటెలు విసిరే కర్రలు. అంతవరకూ మోచె పాలకులంటే మగవాళ్లే అనుకున్న పండితులు నోళ్లు మూసుకోవాల్సొచ్చింది. ఆ వార్త చదివిన రోజు నేనూ నా స్నేహితులూ ఫోన్లలో పండగ చేసుకున్నాం. తర్వాత వివరంగా చదివితే తెలిసింది, ఆమె పక్కన ఇంకో అమ్మాయి అస్థిపంజరం ఉంది. టీనేజీ పిల్ల. మెడ చుట్టూ తాడు. మేం ఫోన్లలో ఆ అమ్మాయి గురించి మాట్లాడుకోలేదు. పండగలో ఆమెకి చోటు లేదు.

ఇక ఫొటో సంగతి. యుయైయాకో పిల్లల కోసం సాల్తా నగరంలో 2004లో మ్యూజియం తెరిచారు. 2007 నుంచి శరీరాల్ని ప్రదర్శనకి పెట్టారు. మైనస్ ఇరవై డిగ్రీల చలిలో, గాజు పెట్టెలో, ఒకసారికి ఒక్కరిని. మిగిలిన ఇద్దరూ చీకట్లో ఉంటారు, తర్వాత వంతు మారుతుంది. పూర్వీకుల దేహాలని ఇలా చూపించడం తగదని అక్కడి ఆదివాసీ సంఘాల నాయకులు అప్పుడే నిరసన తెలిపారు. కొండ మీదే వదిలేసి ఉంటే దొంగలు దోచేసేవాళ్లన్న వాదన కూడా ఉంది, అందులో నిజం ఉంది. ఆ పరిశోధన బృందాన్ని నడిపిన ఇద్దరిలో ఒకరు స్త్రీ కాబట్టి చూపులో ఏదో తేడా ఉంటుందని నేను చాలాకాలం ఆశపడ్డాను. గాజుకి ఇవతల నిలబడ్డాక ఎవరి చూపయినా ఒకటేనేమో.

నాకు వేరే ఇబ్బంది ఉంది. ఆమె జుట్టు కత్తిరించి పరీక్షించకపోతే ఈ వ్యాసం లేదు. ‘వద్దనగల మనిషి’ అని నేను పైన అంత ధీమాగా రాసిన మాటకి ఆధారం ఆమె అనుమతి లేకుండా తీసిన వెంట్రుకలే. ఆమెకి న్యాయం అడగడానికి కూడా ఆమె శరీరమే ఖర్చయింది. ఈ ముడిని నేను విప్పలేను. నా పాఠం కోసం, ఆ నిశ్శబ్దం కోసం, ఆమె మొహాన్ని గోడంత చేసి చూపించడం మాత్రం నా చేతిలో ఉన్న పని. పోయినేడాది ఆ స్లైడు తీసేశాను. కాగితం మీద ఒక గీత గీసి, నెలనెలా సెంటీమీటర్లు గుర్తుపెట్టి, ఎక్కడ తిండి మారిందో, ఎక్కడ కోకా పెరిగిందో, ఎక్కడ గీత ఆగిపోయిందో బోర్డు మీద చూపించాను. తాంతా కార్వా కథ చెప్పాను. ఆమె అన్నదన్న మాటని ఎన్ని రకాలుగా చదవొచ్చో పిల్లల్నే రాయమన్నాను.

క్లాసయ్యాక ఇద్దరు ముగ్గురు నా దగ్గరికొచ్చారు. “మేడమ్, ఫోన్లో వెతికితే ఆ అమ్మాయి ఫొటో దొరికింది, ఎంత బావుందో!” అని నాకు చూపించబోయారు. నేనేమీ అనలేకపోయాను. చూశాను కూడా.